డ్రాయింగుపై సంతకం ఎవరిది? విదేశాల్లో ఆర్కిటెక్టుగా, టౌన్ ప్లానర్‌గా పనిచేయాలనుకునే వారికి

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం నుంచో, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ నుంచో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచో పట్టా పుచ్చుకొని విదేశాలకు వెళ్లాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగే ప్రశ్న ‘ఏ దేశం మంచిది’ అని. నా దృష్టిలో ఆ ప్రశ్న రెండోది కావాలి. మొదట తేల్చుకోవలసింది, అక్కడ కట్టే భవనాల డ్రాయింగులపై మీ పేరుతో సంతకం పెట్టే హక్కు మీకు కావాలా, అక్కర్లేదా అన్నది. దానికి వచ్చే జవాబును బట్టి దేశం, కోర్సు, చేయవలసిన అప్పు, పెట్టవలసిన ఏళ్లు అన్నీ మారిపోతాయి.

ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లేవారికి ఈ చిక్కు లేదు. వారు రాసే ప్రోగ్రాముకు ఏ రాష్ట్ర బోర్డు అనుమతీ అక్కర్లేదు. ఆర్కిటెక్టు పరిస్థితి డాక్టరు పరిస్థితికి దగ్గరగా ఉంటుంది: ఇక్కడి పట్టా ఎంత విలువైనదైనా, అక్కడి మండలి ఒప్పుకునేదాకా ఆ పేరు పెట్టుకొని వృత్తి చేయడం కుదరదు. మన దేశంలో 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివారు తమను ఆర్కిటెక్టుగా చెప్పుకోకూడదు. బ్రిటన్‌లో 1997 నాటి చట్టం, అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం అదే మాట చెబుతాయి. అందుకే లండన్‌లోనో డాలస్‌లోనో ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనవారి విజిటింగ్ కార్డులపై ‘డిజైనర్’ అనో ‘ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్’ అనో కనిపిస్తుంది. జీతం వస్తుంది, మంచి ప్రాజెక్టులూ వస్తాయి. కాని సొంత ప్రాక్టీసు పెట్టాలన్నా, సంస్థలో భాగస్వామి కావాలన్నా సంతకం లేని లోటు అడుగడుగునా తెలుస్తుంది.

సంతకానికి అంత బరువు ఎందుకంటే దాని వెనుక బాధ్యత ఉంది. 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయాక, బయటి గోడకు తొడిగిన క్లాడింగును ఎవరు ఎంచారు, ఎవరు పరిశీలించారు, ఎవరు సరేనన్నారు అన్న ప్రశ్నలపై ఏళ్ల తరబడి బహిరంగ విచారణ సాగింది. ఆ తర్వాత వచ్చిన 2022 నాటి భవన భద్రతా చట్టం కింద ఇంగ్లండులో కనీసం 18 మీటర్లు లేదా కనీసం 7 అంతస్తుల ఎత్తు ఉన్న నివాస భవనాలకు నియంత్రణ సంస్థ అనుమతి లేనిదే పని మొదలుపెట్టడానికి వీల్లేదు. ఇటువంటి వాతావరణంలో ఏ దేశమూ తన నియమాలు పరీక్షలో నెగ్గి చూపని వ్యక్తికి సంతకం హక్కు తేలిగ్గా ఇవ్వదు. మన దేశమూ పరాయి సంస్థల విషయంలో ఇలాంటి అమరికే పాటిస్తుంది. అమరావతి శాసనసభ భవనానికి రూపకల్పన చేసింది లండన్ సంస్థ ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ అయినా, స్థానిక భాగస్వామిగా ముంబయి ఆర్కిటెక్టు హఫీజ్ కాంట్రాక్టర్ సంస్థ ఉంది.

అమెరికా: కోర్సు పేరు చూసి మోసపోవద్దు

మన విద్యార్థులు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆర్కిటెక్చరు మాస్టర్స్ రెండు రకాలు. మొదటిది నేషనల్ ఆర్కిటెక్చరల్ అక్రెడిటింగ్ బోర్డు, అంటే వాడుకలో నాబ్ గుర్తింపు పొందిన వృత్తి పట్టా. రెండోది, ఇప్పటికే వృత్తి పట్టా ఉన్నవారికోసం పెట్టిన, నాబ్ గుర్తింపు అక్కర్లేని పై చదువు. ఇది సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరలో అయిపోతుంది, ఫీజు తక్కువ పడుతుంది, అయిదేళ్ల బి.ఆర్క్ ఉన్నవారికి సీటు త్వరగా దొరుకుతుంది. సంతకం అక్కర్లేదనుకుంటే రెండోది చాలా మంచి ఎంపిక. సంతకం కావాలనుకుంటే మాత్రం అది మిమ్మల్ని మొదలుపెట్టిన చోటే నిలబెడుతుంది, ఎందుకంటే లైసెన్సు బోర్డు లెక్కలో మీరు ఇంకా భారతీయ పట్టాదారే. అప్పుడు నాబ్ నడిపే ఈసా అనే మదింపుకు మీ బి.ఆర్క్‌ను పంపాలి. వారు మీరు చదివిన ప్రతి సబ్జెక్టును తమ ప్రమాణంతో పోల్చి, తక్కువైనవి విడిగా చదివి రమ్మంటారు.

నాబ్ గుర్తింపు ఉన్న ఎం.ఆర్క్‌లో చేరితే ఈ గొడవ ఉండదు. మామూలుగా అది మూడేళ్లకు పైబడిన కోర్సు. బి.ఆర్క్ చదివినవారికి చాలా విశ్వవిద్యాలయాలు పై సెమిస్టరులో నేరుగా ప్రవేశం ఇచ్చి, రెండేళ్లకు కుదిస్తాయి. అయితే మీరు అడగనిదే ఆ సంగతి వారంతట వారు చెప్పకపోవచ్చు. దరఖాస్తు చేసే ముందే ఆ విభాగానికి ఈమెయిలు రాసి, ఎన్ని క్రెడిట్లు తగ్గిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు నాబ్ పట్టా లేకపోయినా ఎక్కువ అనుభవం చూపినవారికి లైసెన్సు ఇస్తాయి. ఆ దారి నిదానమైనదే కాని అప్పు లేనిది.

చదువు తర్వాత రెండు మెట్లు ఉన్నాయి. వీటిని నడిపేది రాష్ట్రాల లైసెన్సు బోర్డుల ఉమ్మడి సంస్థ ఎన్‌కార్బ్. మొదటిది ఏఎక్స్‌పీ అనే అనుభవ శిక్షణ: ఆరు రంగాల్లో మొత్తం 3,740 గంటల పనిని నమోదు చేసి, లైసెన్సు ఉన్న పర్యవేక్షకుడి చేత ఒప్పించుకోవాలి. అందులో కనీసం 1,860 గంటలు అమెరికా లేదా కెనడా లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు కింద జరగాలి. మిగతా మెట్టు ఏఆర్ఈ పరీక్ష. దీనికీ ఆరు భాగాలే. ప్రాక్టీసు నిర్వహణ నుంచి నిర్మాణ దశ దాకా ఒక్కొక్కటి విడిగా రాయవచ్చు. డిజైనులో బంగారు పతకం తెచ్చుకున్నవారు కూడా మొదటి రెండు భాగాల్లో, అంటే ఒప్పందాలు, బీమా, ఫీజుల లెక్కలు, సిబ్బంది గంటల కేటాయింపు వంటి విషయాల్లో తడబడతారు. వీటిని మన కళాశాలల్లో ఎనిమిదో తొమ్మిదో సెమిస్టరులో ఒక పేపరుతో ముగించేస్తారు మరి.

గంటలను ఉద్యోగంలో చేరిన నెల నుంచే నమోదు చేయండి. పర్యవేక్షకుడు వేరే సంస్థకు మారిపోయాక, ‘మూడేళ్ల క్రితం నేను మీ దగ్గర చేసిన సైటు సందర్శనలకు సంతకం పెట్టండి’ అని వెంటపడడం ఇబ్బందికరమైన పని.

వీసా సంగతికి వస్తే, చదువు తర్వాత ఓపీటీ, అంటే విద్యార్థి వీసా మీదే ఇచ్చే పని అనుమతి కింద ఏడాది పని చేసుకోవచ్చు. కోర్సు స్టెమ్ (శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత) జాబితాలో ఉంటే మరో 24 నెలలు కలుస్తాయి. ఆర్కిటెక్చరు సాధారణ వర్గీకరణ సంఖ్య 04.0201 ఆ జాబితాలో లేదు. భవన శాస్త్ర సాంకేతికతకు చెందిన 04.0902 ఉంది. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు తమ కోర్సులను రెండో సంఖ్య కిందికి మార్చుకున్నాయి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చరును 2023లో జాబితాలో చేర్చారు. మీరు చేరబోయే కోర్సు ఏ సంఖ్య కింద ఉందో విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంపై అచ్చువేసి ఉంటుంది. సీటు ఒప్పుకునే ముందే అడిగి తెలుసుకోండి. ఒక ఏడాదికీ మూడేళ్లకీ ఉన్న తేడా, హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో ఒక్కసారి పేరు వేయడానికీ రెండు మూడుసార్లు వేయడానికీ ఉన్న తేడా. ఈ రంగంలో సంస్థలు చాలావరకు చిన్నవి. పది పదిహేను మంది ఉన్న ఆఫీసుకు వీసా ఖర్చు భారమే. కాబట్టి మొదటి ఉద్యోగానికి ఆసుపత్రులు, విమానాశ్రయాలు, ప్రయోగశాలలు కట్టే పెద్ద సంస్థలను వెతకడం వివేకం, అక్కడి పని అంత కవిత్వంగా ఉండకపోయినా.

గోడ సెక్షను గీయడం మళ్లీ నేర్చుకోవాలి

పరీక్షలకన్నా ముందే, ఉద్యోగంలో మొదటి నెలలోనే ఎదురయ్యే తేడా ఒకటుంది. హైదరాబాదులో మనం గీసే గోడ సెక్షను (గోడను నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగు) అంటే తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, లోపలా బయటా ప్లాస్టరింగు, పైన రంగు. వాన ప్లాస్టరును తడిపినా ఎండకు ఆరిపోతుందన్నది దాని వెనుక లెక్క. చూడడానికి అలాగే ఇటుకతో కనిపించే ఇంటిని మినియాపొలిస్‌లో గీయాలంటే లోపలి నుంచి వరుసగా జిప్సం బోర్డు, ఆవిరిని ఆపే పలుచని పొర, చెక్క స్టడ్డుల మధ్య ఇన్సులేషను, వాటి మీద షీతింగు పలకలు, నీటిని ఆపే పొర, అంగుళం ఖాళీ, ఆ తర్వాత ఇటుక వస్తాయి. ఆ ఇటుక బరువు మోయదు, అది ముఖం మాత్రమే. దాన్ని దాటి నీరు లోపలికి వస్తుందని ముందే ఒప్పుకొని, ఖాళీలో కిందికి జారిన నీటిని అడుగున ఫ్లాషింగు రేకుతో పట్టి, ఇటుకల మధ్య వదిలిన చిన్న రంధ్రాల గుండా బయటికి పంపడం ఆ సెక్షనులో అసలు పని. ఇంకా చిత్రమేమంటే, ఆవిరి పొర చలి ప్రాంతంలో లోపలివైపు ఉండాలి. తేమగా, వేడిగా ఉండి ఏడాదంతా ఏసీ నడిచే ఫ్లోరిడాలో అదే పొరను లోపల పెడితే గోడలోనే బూజు పడుతుంది.

ఇది తెలియని అభ్యర్థి ఎంత అందమైన త్రీడీ బొమ్మ చూపినా, ఇంటర్వ్యూ చేసేవారికి అతడిని శిక్షణనివ్వవలసిన మనిషిగానే చూడాలనిపిస్తుంది. తెలిసినవాడు మాత్రం వెంటనే వేరుగా కనిపిస్తాడు. మన మేస్త్రీల పుణ్యమా అని అడుగులు, అంగుళాలు మనకు కొత్త కాదు కనుక అమెరికా కొలతలు త్వరగానే అలవడతాయి. కాని టూ బై ఫోర్ అని పిలిచే చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పు మాత్రమే ఉంటుందన్న సంగతి వంటివి వెళ్లేముందే తెలిసి ఉండాలి. ఇందుకు దేశం దాటనక్కర్లేదు. హైదరాబాదులో అమెరికా, బ్రిటన్ సంస్థలకు రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నిర్మాణ డ్రాయింగులు తయారుచేసే ఆఫీసులు ఉన్నాయి. అటువంటి చోట ఏడాది పాటు పనిచేస్తే అక్కడి కోడ్లు, తలుపుల పట్టికలు, మెట్ల నియమాలు చేతికి అలవాటవుతాయి. అయితే రెండేళ్లు దాటితే ప్రమాదం. రెజ్యుమేలో ‘మోడలర్’ అన్న ముద్ర గట్టిపడ్డాక డిజైను ఉద్యోగం దొరకడం కష్టం.

బ్రిటన్, గల్ఫ్, తదితరాలు

బ్రిటన్‌లో రిజిస్ట్రేషను ఆర్కిటెక్ట్స్ రిజిస్ట్రేషన్ బోర్డు, అంటే ఏఆర్‌బీ చేతిలో ఉంటుంది. రీబా (రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్) అన్నది 1834లో పుట్టిన వృత్తి సంఘం. అందులో సభ్యత్వం గౌరవం, అంతేకాని లైసెన్సు కాదు. మొదటి, రెండవ, మూడవ భాగాలుగా ఉన్న పాత అర్హతల వ్యవస్థను ఏఆర్‌బీ ఇప్పుడు మారుస్తోంది కనుక, సీనియర్లు చెప్పిన దారిని పట్టుకోకుండా బోర్డు ప్రస్తుత నియమాలను చదవడం అవసరం. అమెరికాలోని ఉచ్చు ఇక్కడా ఉంది: ఏడాదిలో ముగిసే ‘ఆర్కిటెక్చరు మాస్టర్స్’ కోర్సుల్లో చాలావాటికి ఏఆర్‌బీ గుర్తింపు లేదు. చదువు తర్వాత గ్రాడ్యుయేటు వీసా మీద రెండేళ్లు ఉండవచ్చు. 2027 జనవరి నుంచి పెట్టుకునే దరఖాస్తులకు దాన్ని 18 నెలలకు తగ్గిస్తున్నారు. ఇంకో సంగతి: ఏఆర్‌బీ, ఎన్‌కార్బ్‌ల మధ్య 2023 నుంచి పరస్పర గుర్తింపు ఒప్పందం అమలులో ఉంది. షరతులు లేకపోలేదు కాని, బ్రిటన్‌లో సంపాదించిన సంతకం అట్లాంటిక్ దాటగలదన్న మాట.

గల్ఫ్ దేశాల్లో లెక్క పూర్తిగా వేరు. అక్కడ ఆర్కిటెక్టును ఇంజనీర్ల కుదురులోనే చూస్తారు. సౌదీలో పనిచేయాలంటే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజనీర్స్‌లో నమోదు కావాలి. దుబాయి, అబుధాబిల్లో చాలా పెద్ద ప్రాజెక్టులకు డిజైను సంస్థ ఒకటి, మునిసిపాలిటీకి డ్రాయింగులు సమర్పించి బాధ్యత వహించే స్థానిక కన్సల్టెంటు మరొకటి. మన వారికి ఉద్యోగాలు ఎక్కువగా దొరికేది ఈ రెండో రకం ఆఫీసుల్లో, అంటే అనుమతులు, షాపు డ్రాయింగులు (కట్టేవారి కోసం గీసే వివరమైన డ్రాయింగులు), సైటు పర్యవేక్షణ ఉన్నచోట. 2015 డిసెంబరు 31 రాత్రి దుబాయిలోని అడ్రస్ హోటలు తగలబడ్డాక అక్కడి అగ్నిభద్రతా కోడ్ కఠినమై, బయటి గోడల పదార్థాల మీద నిఘా పెరిగింది. అబుధాబిలో 2010 నుంచి హరిత భవనాలకిచ్చే ఎస్టిడామా ముత్యాల రేటింగు ఉంది. కొత్త విల్లాకు కనీసం ఒక ముత్యం, ప్రభుత్వ భవనానికి రెండు ముత్యాలు రావాలి. ఈ రెండిటిలో ఏదైనా ఒకదాన్ని లోతుగా తెలుసుకున్నవారికి గిరాకీ ఉంటుంది.

గల్ఫ్ ఆఫరు లెటరు చేతికి వచ్చినప్పుడు మొత్తం జీతం కాదు, మూలవేతనం ఎంతో చూడండి. యూఏఈ చట్టం ప్రకారం ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల, ఆ పైన ఏడాదికి 30 రోజుల మూలవేతనం. ఇంటి అద్దె, రవాణా భత్యాలను పెంచి మూలవేతనాన్ని కుదించిన ఆఫరు నెలనెలా ఒకేలా కనిపించినా, వచ్చేటప్పుడు చేతిలో పడేది సగమే కావచ్చు. యూఏఈకి వెళ్లేవారి పట్టాలకు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం వరుసగా ముద్రలు వేయాలి. ఏజెంటుకు ఇచ్చేయకుండా, ఎక్కడ ఏ ముద్ర పడిందో మీరే చూసుకోండి.

కెనడాలో చదువు మదింపు సీఏసీబీ అనే సంస్థ చేస్తుంది, పరీక్ష పేరు ఎక్సాక్. ఇతర దేశాల్లో చాలా అనుభవం గడించిన ఆర్కిటెక్టులకు అక్కడ బెఫా అనే ప్రత్యేక దారి కూడా ఉంది. నలభై దాటాక వలస వెళ్లేవారు దీన్ని తప్పక పరిశీలించాలి. ఆస్ట్రేలియాలో ఏఏసీఏ అనే సంస్థ విదేశీ పట్టాలను మదింపు చేస్తుంది, ఆ పైన రాష్ట్ర బోర్డు నమోదు చేసుకుంటుంది. సింగపూరులో ఎంప్లాయ్‌మెంట్ పాస్ అనే ఉద్యోగ వీసాకు 2023 సెప్టెంబరు నుంచి పాయింట్ల పద్ధతి వచ్చింది.

ప్లానర్ల సంగతి వేరు

ఆర్కిటెక్టుకు సంతకం అడ్డు. ప్లానరుకు చాలాచోట్ల లైసెన్సే లేదు. అమెరికాలో న్యూజెర్సీని మినహాయిస్తే ప్లానరుకు ప్రభుత్వ లైసెన్సు ఉన్న రాష్ట్రాలు దాదాపు లేవు. ఏఐసీపీ అన్నది అమెరికన్ ప్లానింగ్ అసోసియేషన్ వారి వృత్తి ధ్రువీకరణ మాత్రమే. బ్రిటన్‌లో రాయల్ టౌన్ ప్లానింగ్ ఇన్‌స్టిట్యూట్ గుర్తించిన ఏడాది మాస్టర్స్ చేసి, కొంతకాలం పనిచేశాక వారి సామర్థ్య పరిశీలనలో నెగ్గితే చార్టర్డ్ ప్లానర్ అవుతారు. ఇదంతా వింటే ఆర్కిటెక్టు కన్నా ప్లానరు దారి తేలిక అనిపిస్తుంది. నిజానికి అదే కష్టం. ఆర్కిటెక్టు పనిలో సగం గీత. గీతకు భాష అడ్డురాదు. ప్లానరు పని ముప్పాతిక వంతు రాత, మాట. అదీ ఆ దేశపు చట్టం మీద, ఆ ఊరి జనం ముందు.

ఉదాహరణకు ఇంగ్లండులో ఒక కౌన్సిలు ప్లానింగు అధికారి బల్ల మీదికి వచ్చే మామూలు దరఖాస్తు తీసుకుందాం. వీధిలో ఒకాయన ఇంటి వెనుక రెండంతస్తుల గది కలుపుకోవాలనుకున్నాడు. పక్కింటివారు అభ్యంతరం రాశారు: మా కిటికీలోంచి కనిపించే పచ్చిక బయలు ఇక కనిపించదు, మా ఇంటి ధర పడిపోతుంది, మా వంటగదికి వెలుతురు తగ్గుతుంది, వారి పై కిటికీ నుంచి మా పెరడు కనిపిస్తుంది అని. మొదటి రెండూ ఎంత నిజమైనా లెక్కలోకి రావు; దృశ్యం పోవడం, ఆస్తి విలువ తగ్గడం అక్కడి ప్లానింగు చట్టంలో పరిగణించదగిన విషయాలు కావు. చివరి రెండూ వస్తాయి. అధికారి స్థలానికి వెళ్లి, వెలుతురు కోణం చూసి, స్థానిక ప్లాన్‌లోని నిబంధనలను ఒక్కొక్కటిగా ఉటంకిస్తూ, పై కిటికీకి గరుకు అద్దం పెట్టాలన్న షరతుతో అనుమతి ఇవ్వమని నివేదిక రాయాలి. చిన్న దరఖాస్తుకు గడువు ఎనిమిది వారాలు, పెద్దదానికి పదమూడు. వ్యవహారం కమిటీకి వెళితే, ఎన్నికైన కౌన్సిలర్ల ముందు, ఆ పక్కింటివారు ప్రేక్షకుల్లో కూర్చుని ఉండగా, తన సిఫారసును నోటితో సమర్థించుకోవాలి. మన డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం) లేఅవుటు అనుమతుల్లో రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాకు, బహిరంగ స్థలం శాతం నిబంధన ప్రకారం ఉన్నాయో లేదో చూడడం ప్రధానం. అక్కడ నిబంధనలన్నీ సరిపోయినా, సరిపోకపోయినా తూచి చెప్పే విచక్షణ అధికారిది. 1947 నాటి చట్టం నుంచి వారి పద్ధతి అదే.

అమెరికా మరో కొస. 1916లో న్యూయార్క్ జోనింగు తీర్మానం, 1926లో ఒహైయోలోని యూక్లిడ్ గ్రామం కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఏ వీధిలో ఏం కట్టవచ్చో రంగుల పటంలోనే తేలిపోయే పద్ధతి దేశమంతా పాకింది. కింద కిరాణా కొట్టు, పైన ఇల్లు, పక్కన టైలరింగు షాపు ఉన్న వీధుల్లో పెరిగిన మనకు ఊరంతా ఒంటి కుటుంబం ఇళ్లే ఉండాలన్న నియమం వింతగా తోస్తుంది. ఇప్పుడు అక్కడి నగరాలే దాన్ని సడలిస్తున్నాయి. మినియాపొలిస్ 2018లో ఆమోదించిన ప్రణాళికలో ఒక్కో ఇంటి స్థలంలో మూడు ఇళ్ల దాకా అనుమతించింది. కాబట్టి మన వీధి గురించి మీకున్న అవగాహనను వెనుకబాటుగా దాచుకోకండి. మిశ్రమ వాడకం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో కళ్లారా చూసినవారు ఇంటర్వ్యూ బల్లకు అవతల తక్కువే ఉంటారు.

అలాగే అమరావతి భూసమీకరణ. 2015లో సుమారు 33 వేల ఎకరాలను రైతుల నుంచి డబ్బిచ్చి కొనకుండా, అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇస్తామన్న ఒప్పందంపై తీసుకున్న ప్రయోగం ప్రపంచమంతటి ప్లానర్లకు ఆసక్తి కలిగించేది. ఆ పనిలో చిన్న పాత్ర ఉన్నా దాన్ని పోర్ట్‌ఫోలియోలో వివరంగా పెట్టండి; ప్లాట్ల లెక్క ఎలా కట్టారు, వార్షిక కౌలు ఎలా నిర్ణయించారు అన్నవి చూపండి. భూమి లేని కూలీల గతి ఏమైంది, పని ఆగిన ఏళ్లలో రైతులు ఏమయ్యారు అని తప్పక అడుగుతారు. ఆ ప్రశ్నలకు ప్రచార కరపత్రంలా కాక, ప్లానరులా జవాబు చెప్పగలగాలి.

ఉష్ణమండల అనుభవానికి విదేశాల్లో విలువ ఉందనడానికి పాత సాక్ష్యం ఒకటి చెప్పవచ్చు. హిట్లర్ జర్మనీని విడిచి 1939లో మైసూరు సంస్థానానికి వచ్చిన ఆటో కోనిగ్స్‌బర్గర్ అక్కడ ప్రధాన ఆర్కిటెక్టుగా పనిచేసి, 1948లో భువనేశ్వర్ ప్రణాళిక గీసి, తర్వాత లండన్ చేరి, ఎండా వానా ఉన్న దేశాల నిర్మాణంపై ఆర్కిటెక్చరల్ అసోసియేషన్‌లో ఒక విభాగాన్నే నడిపించాడు. గల్ఫ్‌లో, ఆఫ్రికా నగరాల్లో పనిచేసే కన్సల్టెన్సీలకు ఇప్పుడూ అటువంటి మనుషులు కావాలి. ఒక హెచ్చరిక: అమెరికాలో నగర పాలక సంస్థలు వీసా స్పాన్సరు చేయడానికి సాధారణంగా ముందుకు రావు. ప్లానర్లకు అక్కడ ప్రైవేటు కన్సల్టెన్సీలు, రవాణా విశ్లేషణ, జీఐఎస్ (కంప్యూటరు పటాల) ఉద్యోగాలే ఎక్కువ అందుబాటులో ఉంటాయి. బ్రిటన్ కౌన్సిళ్లలో అధికారుల కొరత చాలాకాలంగా ఉన్నందున అక్కడి అవకాశాలు మెరుగు.

పోర్ట్‌ఫోలియో

ఇరవై పేజీలు చాలు. పది ప్రాజెక్టులు కుక్కడం కన్నా నాలుగింటిని విప్పి చూపడం మేలు. బృందంగా చేసిన ప్రతి పనిలో మీరు చేసిందేమిటో ఒక వాక్యంలో రాయండి. రాయకపోతే అన్నీ మీరే చేశానని చెప్పుకుంటున్నారని అనుమానిస్తారు. ఉద్యోగానికైతే కట్టిన భవనం తాలూకు నిర్మాణ డ్రాయింగు ఒక్కటైనా, పైన చెప్పిన గోడ సెక్షను వంటిది, చదవగలిగే సైజులో ఉండాలి. ప్లానర్లు పటాలతో పాటు తాము రాసిన నివేదిక నుంచి రెండు పేజీలు జత చేయాలి, ఎందుకంటే మీ రాత ఎలా ఉందో తెలుసుకోవడానికి వారికి మరో దారి లేదు. పాత యజమాని అనుమతి లేకుండా క్లయింటు పేర్లు, రహస్య డ్రాయింగులు పెట్టకండి.

ఇంట్లో వారికి చెప్పవలసిన మాట

ఆర్కిటెక్టు జీతం సాఫ్ట్‌వేర్ జీతం కాదు, అమెరికాలోనూ కాదు. పక్కింటి అబ్బాయి డల్లాస్ నుంచి పంపే డాలర్లతో పోల్చి అప్పు లెక్క వేస్తే ఆ లెక్క తప్పుతుంది. చదువు, గంటలు, పరీక్షలు కలిపి సంతకం చేతికి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ కాలమంతా అప్పు వాయిదా కట్టగలిగేలా ఉంటేనే పెద్ద ఫీజుల విశ్వవిద్యాలయానికి ఒప్పుకోండి. అసిస్టెంటుషిప్పు ఇచ్చే రాష్ట్ర విశ్వవిద్యాలయం పేరు బంధువులకు తెలియకపోయినా ఆఫీసులకు తెలుసు.

బయలుదేరే ముందు చేతిలో ఉండవలసినవి

కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషను తీసుకొని, విదేశంలో ఉన్నన్నాళ్లూ గడువు ముగియకుండా పునరుద్ధరించుకుంటూ ఉండండి. అమెరికాతో సహా కొన్ని దేశాల్లో, సొంత దేశపు లైసెన్సు ఉన్న విదేశీ ఆర్కిటెక్టుకు ఉన్న దారి ఏమీ లేనివారికి ఉండదు. పనిచేసిన ప్రతి ఆఫీసు నుంచి ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏ పనులు చేశారో స్పష్టంగా ఉన్న లేఖ, దాని కింద ఆర్కిటెక్టు కౌన్సిలు నంబరుతో సహా సంతకం తీసుకోండి. ‘కష్టపడే స్వభావం కల అభ్యర్థి’ అని రాసిన లేఖ మదింపు సంస్థలకు పనికిరాదు. అయిదేళ్లలో చదివిన ప్రతి సబ్జెక్టు సిలబస్‌ను, మీరు చదివిన ఏడాది నాటి రెగ్యులేషను ప్రకారమే, విశ్వవిద్యాలయం ముద్రతో రెండు సెట్లు తెచ్చుకోండి. రెగ్యులేషను మారిపోయాక పాత సిలబసు కాపీలు దొరకడం దుర్లభం. మార్కుల జాబితాలను మదింపు సంస్థకు విశ్వవిద్యాలయమే నేరుగా సీలు వేసిన కవరులో పంపవలసి రావచ్చు. పరీక్షల విభాగంలో ఆ పని చూసే గుమాస్తా ఎవరో, ఎంత ఫీజు కట్టాలో, ఎన్నాళ్లు పడుతుందో ఊళ్లో ఉండగానే కనుక్కోండి. మీరు వెళ్లిపోయాక ఆ పని మీద తిరగవలసి వస్తే, మీ తరఫున సంతకం చేసి తీసుకునేందుకు ఇంట్లో ఒకరికి అధికారపత్రం రాసిచ్చి వెళ్లండి.